కజకిస్తాన్ బయల్లో రోజంతా రైల్లో పోయినా ఒక్క మాను కనపడలేదంట, ఎందుకు?

తిరుపతి నాయన:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు దగ్గర. మా పాప కజకిస్తాన్‌లో ఎంబీబీఎస్ చదువుతా ఉంది, కరగండా అనే ఊళ్ళో, ఇది రెండో సంవత్సరం. మొన్న నాలుగు రోజులు సెలవులొస్తే ఫ్రెండ్స్‌తో కలిసి రైల్లో అల్మాటీకి పోయింది. పోతా పోతా వీడియో కాల్ చేసి ఫోన్ కిటికీకి ఆనించి పెట్టింది, నేనూ వాళ్ళమ్మా కూర్చోని చూస్తా ఉండాము, గడ్డి, దానిమీద మంచు, కరెంటు స్తంభాలు, మళ్ళీ గడ్డి. అన్నం తిని వచ్చి మళ్ళీ కాల్ చేస్తే మళ్ళీ అదే. బల్ఖాష్ అని సముద్రం మాదిరి ఒక సరస్సు వచ్చిందంట మధ్యలో, అది దాటినాక మళ్ళీ అదే బయలు. "నాయనా, పొద్దున నుంచి చూస్తానే ఉండా, ఒక్క మాను కూడా కనపడలా" అనింది.

ఇది మాకు మింగుడు పడలా. మన పక్క తిరుపతి నుంచి చిత్తూరు పోయేలోపల ఎన్ని గుట్టలు, ఎన్ని మామిడి తోపులు, ఎన్ని ఊర్లు. ఆడ నేల ఉండాది, గడ్డి మొలస్తా ఉండాది, అంటే నీళ్ళు కొంచెమన్నా ఉన్నట్టే కదా, మరి మాను ఎందుకు మొలవదు? ఉన్నవి ఎవరన్నా నరికేసినారా?

ఇంకోటి. నేను బళ్ళో చదివింది "స్టెప్పీలు అనగా సమశీతోష్ణ గడ్డి భూములు" అని ఒక మార్కు బిట్టు, అంతకు మించి అయ్యవారు చెప్పలా, మేమూ అడగలా. ఇప్పుడు బిడ్డ ఆడ ఉంది కాబట్టి తెలుసుకోవాలని ఉంది. శకులు, హూణులు, చెంఘిజ్ ఖాన్, వీళ్ళంతా ఆ బయల్లో నుంచే వచ్చినారంటారు. పంట లేదు, ఊర్లు లేవు, అట్లాంటి చోట నుంచి చైనానీ పర్షియానీ వణికించినంత సైన్యాలు ఎట్లా లేచినాయి? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి, ఎంత పొడుగున్నా చదువుతా.

చిత్తూరు జాగ్రఫీ:

నమస్తే సార్. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు జాగ్రఫీ చెప్పి రిటైరైనాను. ఆ ఒక మార్కు బిట్టు వెనక ఎంత కథ ఉందో క్లాసులో చెప్పే టైం ఎప్పుడూ దొరకలా, మీరు అడిగినారు కాబట్టి ఇక్కడ చెప్తా.

ఎవరూ నరకలేదు సార్. వేల ఏళ్ళ నుంచీ అది గడ్డి నేలే. ఒక్క ముక్కలో కారణం చెప్పాలంటే దూరం, సముద్రం నుంచి దూరం. తీరం లేని దేశాలన్నిట్లో పెద్దది కజకిస్తాన్, 27 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఇండియాలో ఐదింట నాలుగు వంతులు. మబ్బు నీళ్ళు తెచ్చేది సముద్రం నుంచే కదా. పడమట నుంచి అట్లాంటిక్ గాలి యూరప్ అంతా తడుపుకుంటా వచ్చి ఇక్కడికి చేరేసరికి దాంట్లో తడే ఉండదు. దక్షిణం నుంచి మన రుతుపవనం పోదామంటే హిమాలయం, పామీర్, తియాన్‌షాన్ వరసగా అడ్డం. మన అనంతపురం ఎందుకు ఎండుతుంది? పడమటి కనుమలు మబ్బును ఆ పక్కే పిండేస్తాయి కాబట్టి. ఇదీ అదే సంగతి, కాకపోతే ఆ గోడ ఎత్తు ఏడెనిమిది వేల మీటర్లు.

కరగండాలో మంచుతో సహా కలుపుకున్నా ఏడాదికి పడే వాన 300 మిల్లీమీటర్ల పైచిలుకు. మన చిత్తూరు పక్క 900 దరిదాపు, అనంతపురంలో 550. మానుకి లోతున తేమ కావాల, అదీ ఏడాది పొడుగునా. అంత తక్కువ వానలో పైపై మట్టి మాత్రం తడుస్తుంది, కింద పొడి. ఆ పై తడి కోసం గడ్డి వేర్లు కంబళి నేసినట్టు అల్లుకోని ఉంటాయి, మధ్యలో ఒక విత్తనం పడి మొలిచినా దానికి చుక్క మిగలనియ్యవు. మొలిచింది బతకాలంటే జనవరిలో మైనస్ 30 దాటాల, జూలైలో 35 దాటాల, ఎండుగడ్డికి నిప్పంటుకుంటే అదీ దాటాల. గడ్డి మాత్రం చలి వచ్చేలోపల పైనున్నదంతా ఎండబెట్టుకోని ప్రాణం వేర్లల్లో దాచుకుంటుంది. మంచు కరిగితే చాలు, బయలంతా పచ్చగా లేస్తుంది, పూలు కూడా. టులిప్‌లు హాలండ్‌వి అనుకుంటాము గానీ అడవి టులిప్‌ల పుట్టిల్లు ఆ మధ్య ఆసియా బయళ్ళూ కొండలే. ఏప్రిల్ మేలో మీ పాపను మళ్ళీ వీడియో తీయమనండి, మీరు మొన్న చూసిన నేల అదేనా అనిపిస్తుంది.

మీరు చూసింది కూడా ఒక ముక్కే సార్. ఈ గడ్డి పట్టీ హంగేరీలో మొదలై ఉక్రెయిన్, దక్షిణ రష్యా, కజకిస్తాన్, మంగోలియా మీదుగా మంచూరియా దాకా, దాదాపు 8,000 కిలోమీటర్లు. పైన సైబీరియా అడవి, కింద ఎడారి, మధ్యలో ఇది. కరగండా నుంచి అల్మాటీ అంటే మీ పాప దక్షిణానికి, ఎండు పక్కకి పోయింది, బల్ఖాష్ చుట్టూ అది స్టెప్పీ కూడా కాదు, సగం ఎడారి. అదే ఉత్తరానికి అస్తానా దాటి కోక్షెటావ్ పక్క పోతే పైన్ మాన్లూ బర్చ్ మాన్లూ అడవులుగా ఉంటాయి. ఇక ఆ బల్ఖాష్ సరస్సుది వేరే కథ. పడమటి సగం మంచినీళ్ళు, తూర్పు సగం ఉప్పునీళ్ళు! ఇలీ నది పడమటి వైపు వచ్చి పడుతుంది, తూర్పుకి వచ్చే నీళ్ళు తక్కువ, ఎండకి ఆవిరయ్యేది ఎక్కువ, రెండు సగాల మధ్య దారి ఇరుకు కాబట్టి పూర్తిగా కలవవు. మీ పాప రైలు పోయింది మంచినీళ్ళ పక్క.

రేణిగుంట రైతు:

మాష్టారూ నాదొక డౌటు. ఉక్రెయిన్ పక్క నల్లమట్టి ప్రపంచంలోనే నంబర్ వన్ అంటారు కదా, మరి ఇంత నేల గడ్డికి వదిలేసే బదులు దున్ని గోధుమ ఏసుకోవచ్చు కదా, ట్రాక్టర్లు ఉన్నాయి ఇప్పుడు.

చిత్తూరు జాగ్రఫీ:

దున్నినారు. ముందు ఆ మట్టి సంగతి చెప్పాల. దాన్ని చెర్నోజెమ్ అంటారు, రష్యన్‌లో నల్లనేల అనే అర్థం. మన నల్లరేగడీ నల్లగానే ఉంటుంది గానీ రెండిటి నలుపూ వేరు. మనది రాయి చివికి వచ్చిన బంకమన్ను నలుపు, దాంట్లో కుళ్ళిన ఆకూ అలమా తక్కువ. వాళ్ళది గడ్డి వేర్లు వేల ఏళ్ళు చచ్చి కుళ్ళి పేరుకున్న నలుపు, కొన్ని చోట్ల మీటరు మందం. అంటే ఆ మట్టిని చేసిందే గడ్డి. కాకపోతే ఆ మంచి మట్టి ఉత్తరం పట్టీలోనే, దక్షిణానికి వచ్చేకొద్దీ మట్టి పల్చబడి గోధుమ రంగుకి తిరుగుతుంది.

1954లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ బీడు నేలల పథకం అని మొదలుపెట్టినాడు. సోవియట్ దేశం నలుమూలల నుంచీ యువకులు రైళ్ళెక్కి వచ్చినారు, ఒక్క కజకిస్తాన్‌లోనే ఐదారేళ్ళలో 2.5 కోట్ల హెక్టార్లు దున్నేసినారు. 1956లో పంట విరగ పండింది. తర్వాత? గడ్డి వేర్ల అల్లిక తెగిపోయింది, వాన తక్కువైన ఏడు గాలి లేచింది, పై మట్టి దుమ్ముగా ఎగిరిపోయింది. 1963లో పంట దెబ్బతిని సోవియట్ సర్కారు బయట దేశాల నుంచి గోధుమలు కొనుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఉత్తర కజకిస్తాన్‌లో గోధుమ బాగానే పండిస్తారు, చాలా మంది దున్నడం తగ్గించి, కోసినాక దుబ్బులు పొలంలోనే వదిలేసి మంచును పట్టుకుంటారు, అది కరిగితేనే విత్తనానికి తడి. మన అనంతపురం రైతుకి ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది.

జీవాలోళ్ళ బిడ్డ, పుంగనూరు:

సార్ నమస్తే. నేను పెద్ద చదువులు చదవలా, కానీ మా తాతా మా నాయనా జీవాలు తోలినోళ్ళు, కురుబోళ్ళం, నేనూ చిన్నప్పుడు మంద ఎంబడి తిరిగినోణ్ణే. వెల్డర్ పనికి కజకిస్తాన్ పడమటి పక్క అతిరావ్ దగ్గర రెండేళ్ళు ఉండి వచ్చినా. కాబట్టి కంటితో చూసింది చెప్తా.

మా క్యాంప్ డ్రైవర్ కజకాయన, నేను జీవాలోళ్ళ పిల్లోణ్ణి అని తెలిసినాక ఒక ఆదివారం వాళ్ళ పెదనాయన దగ్గరికి పిల్చకపోయినాడు. జనవరి. మోకాలు కిందికి మంచు, ఎటు చూసినా తెలుపు. నేననుకున్నా, ఈ చలికాలం జీవాలకి మేత యాడ తెస్తారు, మన మాదిరి వామి వేసి పెట్టుకుంటారేమో అని. వామి కొంచెం ఉండాది గానీ అది బక్క జీవాలకీ ఈనేవాటికీ. మిగతావి మంచులోనే మేస్తాయి. ఎట్లంటే ముందు గుర్రాల్ని వదిల్తారు. గుర్రం ముందరి కాలితో మంచును గబగబా తవ్వుతుంది, కింద గడ్డి తేల్తుంది, పై కొసలు అది తిని ముందుకి పోతుంది. ఆ తవ్విన చోటికి ఎనక గొర్రెలొస్తాయి, మిగిలిన మొదళ్ళు అవి గీరుకోని తింటాయి. ఆవుకి ఈ తవ్వుడు రాదు. ఆ ముసలాయన ఏమీ అదిలించకుండా నిలబడుకోని చూస్తా ఉండాడు, గుర్రాలు తవ్వతా పోతాండాయి, గొర్రెలు ఆ ఎనకే వరస పట్టుకోని పోతాండాయి. నేను ముప్పై ఏళ్ళు జీవాల మధ్యన పెరిగినా అట్లాంటిది చూళ్ళా.

వాళ్ళకి అన్నిటికంటే భయం జుత్. మంగోలోళ్ళు జుద్ అంటారంట. మంచు పడి కొంచెం కరిగి మళ్ళీ రాత్రికి గడ్డకట్టిందంటే పైన గాజు పెంకు మాదిరి అయిపోతాది. గుర్రం గిట్టకి కూడా అది పగలదు, పగిలితే కాలు తెగుతుంది. గడ్డి కాళ్ళ కిందే ఉండాది, నోటికి అందదు, నిలబడిన చోటే చచ్చిపోతాయి. మంగోలియాలో 2009-10 చలికాలంలో ఇట్లనే 80 లక్షలకు పైగా జీవాలు పోయినాయి. మన కరువు ఎండాకాలం వస్తుంది, వాళ్ళ కరువు చలికాలం వస్తుంది.

ఇంకో సంగతి, చాలా మంది వాళ్ళు దిక్కులేకుండా తిరుగుతారు అనుకుంటారు. అది తప్పు. చలికాలం చోటు వేరు, దాన్ని కిస్తావ్ అంటారు, గాలి తగలని కొండ చాటునో రెల్లు పక్కనో చూసుకుంటారు. ఎండాకాలం చోటు జైలావ్, చల్లగా గడ్డి దండిగా ఉండేది. మధ్యలో వసంతానికొకటి, ఆకురాలే కాలానికొకటి. పాత రోజుల్లో కొన్ని తెగలు ఏడాదిలో పోను రాను వందల కిలోమీటర్లు నడిచేవంట, ఏ తెగకి ఏ దారో, ఏ బావి ఎవరిదో లెక్క ఉండేది. మా నాయన కూడా అంతే, ఏ నెల ఏ ఊరి పక్క పోవాలో నోటికి చెప్పేవోడు.

ఉన్ని సంగతి కూడా చెప్పాల. మా అవ్వ ఉన్ని వడికేది, మగ్గం మీద నేసి చింతపిక్కల గంజి పెడితే కంబళి గట్టిపడేది, వాన కూడా దిగదు. వాళ్ళ గుడారానికి కప్పే ఫెల్ట్‌కి మగ్గమే అక్కర్లా. ఉన్నిని బెత్తాలతో కొట్టి కొట్టి దూదిలా విడదీస్తారు, రెల్లు చాప మీద మందంగా పరిచి వేన్నీళ్ళు చల్లుతారు, చాపతో సహా చుట్టి తాడు కట్టి నలుగురూ కలిసి దొర్లించి తొక్కుతారు. విప్పితే అట్ట మాదిరి ఒకటే ముక్క. దాన్నే కట్టెల జాలీ మీద కప్పితే ఇల్లు. లోపల పొయ్యిలోకి ఎండిన పేడే, మన పిడకలే, తెజెక్ అంటారు. మాన్లు లేని చోట ఇంకేం కాలుస్తారు మరి.

మీ రెండో ప్రశ్నకి నాకు తోచింది చెప్తా. మన పక్క కోతలైనాక రైతు చేలో మంద పెట్టించుకుంటాడు, ఎరువు రైతుకి, గింజలు మాకు. ఊరూ మందా పక్కపక్కనే. ఆడ పాల్లో కొరత లేదు, మాంసంలో కొరత లేదు, గింజలు కావాలంటే మాత్రం రైతు ఊరు ఎన్నో దినాల దూరంలో ఉండాది. గుర్రమెక్కి పోవాల్సిందే, సంతకో యుద్ధానికో.

చంద్రగిరి కోట:

పుంగనూరు తమ్ముడు సగం చరిత్ర ఒక్క వాక్యంలో చెప్పేసినాడు, మిగతా సగం నేను చెప్తా. నాకు శాసనాలు చదవడం పిచ్చి, అందుకే కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దండి.

అన్నిటికీ మొదలు గుర్రం. ఉత్తర కజకిస్తాన్‌లో బోతాయ్ అనే చోట క్రీ.పూ. 3500 నాటి కుండ పెంకుల్లో ఆడగుర్రం పాల కొవ్వు దొరికింది, అంటే అప్పటికే పితికినారు. అయితే ఇవాళ ప్రపంచంలో ఉన్న పెంపుడు గుర్రాల వంశం అక్కడిది కాదు, వోల్గా, దోన్ నదుల కింది పక్కది, క్రీ.పూ. 2200 నుంచి అది అన్ని దిక్కులకూ పాకిందని 2021లో డీఎన్ఏ పరిశోధన తేల్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ఉరాల్ కొండల దక్షిణాన స్పోకులున్న చక్రాల రథాలు సమాధుల్లో కనిపిస్తాయి.

మీరు అడిగినారు, ఊరు లేని చోట సైన్యం ఎట్లా అని. ఊరున్న రాజుకి సైన్యం కావాలంటే రైతును నాగలి మాన్పించి, ఈటె చేతికిచ్చి, నేర్పించి, వాని తిండి బండ్ల మీద మోయించాల. బయల్లో పుట్టినోడు నాలుగేళ్ళకే గుర్రమెక్కుతాడు, మందను తోడేలు నుంచి కాపాడను విల్లు పడతాడు, వాని వెనక మూడు నాలుగు గుర్రాలు తోడుగా వస్తాయి, వాని తిండి కూడా అవే. కొయ్య, కొమ్ము, నరం అతికించి చేసిన చిన్న విల్లు, గుర్రం మీద నుంచి వెనక్కి తిరిగి కూడా వేయొచ్చు. అంటే తెగలో మగవాళ్ళంతా అప్పటికే సైన్యం, కలపడానికి ఒకడు కావాల అంతే. క్రీ.పూ. 209లో మంగోలియా బయల్లోని షియోంగ్నూ అనే తెగలను మోదు అనే నాయకుడు కలిపినాడు, తొమ్మిదేళ్ళు తిరక్కముందే హాన్ వంశం మొదటి చక్రవర్తిని బైదెంగ్ దగ్గర చుట్టుముట్టినాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు చైనా వాళ్ళకి పట్టూ, ధాన్యమూ, రాకుమార్తెలనూ పంపుతానే ఉండింది.

ఇప్పుడు అసలు మనకు సంబంధించిన కథ. ఈ షియోంగ్నూలు యుయెజీ అనే జాతిని పడమటికి తరిమినారు. యుయెజీలు పోయి ఇలీ లోయలో ఉన్న శకులను తోసినారు. ఇలీ అంటే మాష్టారు పైన చెప్పిన నదే, బల్ఖాష్‌లో పడేది, అల్మాటీకి దగ్గరే! ఆ శకులు దక్షిణానికి దిగి ఇరాన్ తూర్పు అంచున సీస్తాన్‌లో ఆగి, అక్కడి నుంచి సింధు, గుజరాత్, మాళవ దాకా వచ్చి క్షత్రపులై ఏలినారు. వాళ్ళతో తలపడింది ఎవరు? మన శాతవాహనులు. గౌతమీపుత్ర శాతకర్ణి క్షత్రపుడైన నహపానుణ్ణి ఓడించి, అతని వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించినాడు, నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా నాణేలు దొరికితే ఎక్కువ భాగం అట్లా మళ్ళీ కొట్టినవే. నాసిక్ గుహలో అతని తల్లి గౌతమీ బాలశ్రీ చెక్కించిన శాసనంలో కొడుకును శక యవన పహ్లవ నిషూదనుడు, అంటే వాళ్ళను తుదముట్టించినవాడు అనింది. వెనక వచ్చిన యుయెజీలే కుషాణులు, కనిష్కుడు వాళ్ళలోనివాడే.

ఉగాదికి మనం తెరిచే పంచాంగంలో మొదటి పేజీలో శాలివాహన శకం అని ఉంటుంది కదా, క్రీ.శ. 78లో మొదలయ్యే లెక్క. దాన్ని మొదలుపెట్టింది కనిష్కుడని కొందరు, క్షత్రపుడైన చష్టనుడని కొందరు వాదిస్తారు, ఎట్లా చూసినా స్టెప్పీ మూలాలున్న రాజుల లెక్కే, శాలివాహనుడి పేరు తర్వాత చేరింది. మన శాసనాల్లో శకవర్షంబులు అని ఎన్ని వందల చోట్ల చదివినానో. 1957 నుంచి భారత ప్రభుత్వం అధికారిక క్యాలెండర్ కూడా శకమే.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. అల్మాటీ పక్కన ఇస్సిక్ అనే చోట 1969లో ఒక శక సమాధి తవ్వితే బంగారు మనిషి బయటపడినాడు, ఒంటి నిండా దాదాపు 4,000 బంగారు ముక్కలు, తలమీద పొడుగాటి మొనదేలిన టోపీ. పారశీక రాజు డరయస్ శాసనంలో కూడా మొన టోపీ శకులు అని ఒక తెగ పేరుంది. ఇప్పుడు మన నాగార్జునకొండకి రండి. అక్కడ తవ్వకాల్లో దొరికిన ఇక్ష్వాకుల కాలం నాటి రాతి శిల్పాల్లో ఒక శక భటుడున్నాడు, మన ఎండలో కూడా మందం కోటు, కాళ్ళకి పైజామా, తలకి మొనదేలిన టోపీ, చేతిలో ఈటె. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి రాణుల్లో రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు, ఉజ్జయిని అప్పుడు క్షత్రపులది. ఆ శిల్పం ఫోటో మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలా. ఇలీ ఎక్కడ, కృష్ణ ఎక్కడ.

శ్రీకాళహస్తి బ్రో:

అంతా బాగానే ఉంది అన్నా, కానీ చెంఘిజ్ ఖాన్ వాళ్ళు చేసింది ఊచకోత కదా, ఊర్లకు ఊర్లు తగలబెట్టినారు. మనం వాళ్ళను పొగడతా ఉన్నట్టు అనిపిస్తాంది.

చంద్రగిరి కోట:

చంపింది నిజమే తమ్ముడూ, దాన్ని ఎవరూ కడగలేరు. మెర్వ్, నిషాపూర్, 1258లో బాగ్దాద్, ఆ ఊర్లు వందల ఏళ్ళు కోలుకోలా. నేను చెప్పేది అది ఎట్లా సాధ్యమైంది అని. 1206లో తెముజిన్‌ను, అంటే చెంఘిజ్ ఖాన్‌నే, ఖాన్‌గా ఎన్నుకున్నాక అతను చేసిన మొదటి పని తెగల గోడలు పగలగొట్టడం. పది మంది, వంద, వెయ్యి, పది వేలు అని లెక్క కట్టి వేరు వేరు తెగలవాళ్ళను ఒకే పదిలో కలిపేసినాడు. పదిలో ఒకడు పారిపోతే పదిమందికీ శిక్ష. 2014లో మంగోలియాలో పాత మాన్ల వలయాలు లెక్కించి చూస్తే 1211 నుంచి 1225 దాకా అక్కడ వరసగా మంచి వానలు, చలి తక్కువ. గడ్డి దండిగా ఉంటే గుర్రాలు దండిగా. వాన ఒక్కటే కారణం అనను గానీ మాష్టారు చెప్పిన ఆ 300 మిల్లీమీటర్ల లెక్కలో యాభై పెరిగితే బయల్లో ఏమవుతుందో ఊహించు. ఇక యుద్ధం పడమటికి తిరిగింది కూడా ఒక సంతకు పోయిన బిడారు వల్లే, 1218లో ఒత్రార్ అనే ఊరి అధికారి మంగోలులు పంపిన వర్తకులను దాదాపు 450 మందిని చంపించినాడు. ఒత్రార్ శిథిలాలు ఇప్పుడు దక్షిణ కజకిస్తాన్‌లోనే ఉన్నాయి.

ఇంకో పక్కన అదే సామ్రాజ్యంలో గుర్రాలు మార్చుకునే మజిలీల వరస వేసి పసిఫిక్ దగ్గర్నుంచి నల్లసముద్రం దాకా దారి తెరిచినారు. ఆ దారిన పోయి కుబ్లాయ్ ఖాన్ కొలువులో పదిహేడేళ్ళు ఉన్న మార్కో పోలోనే తిరుగు ప్రయాణంలో మన మోటుపల్లి గురించి, అక్కడి సన్నబట్టల గురించి, కాకతి రాణి చక్కటి పాలన గురించి రాసినాడు. దక్షిణాదిలో గుర్రాలు సరిగ్గా బతకవని, ఏటా ఓడల్లో తెప్పించుకుంటారని కూడా రాసినాడు. ఆ కొరత విజయనగరం దాకా తీరలేదు, మా ఊరి కోటలో ఏలినవాళ్ళు కూడా గుర్రాన్ని అరబ్బు ఓడ నుంచి కొనాల్సిందే.

సెమేలో ఫిఫ్త్ ఇయర్:

అంకుల్ నమస్తే, మాది మదనపల్లి, నేను సెమే అనే సిటీలో ఎంబీబీఎస్ చేస్తున్నా, మీ పాపకి సీనియర్ లాంటిదాన్ని. హిస్టరీ అందరూ చెప్పేశారు కాబట్టి నేను ఇక్కడి మనుషుల గురించి చెప్తా, ఎందుకంటే రైల్లోంచి చూస్తే ఖాళీగా కనిపిస్తుంది కానీ నిజంగా ఖాళీ కాదు.

నేను ఉండే ఇంటి ఓనర్ ఒక ఆపా, అంటే పెద్దావిడ. మొదటి రోజే నన్ను అడిగింది, మీ ఏడు తరాల తాతల పేర్లు చెప్పు అని. నేను ముత్తాత దగ్గరే ఆగిపోయా. కజక్ వాళ్ళు ఏడుగురి పేర్లూ నేర్పిస్తారు, ఆ ఏడు తరాల లోపల కలిస్తే పెళ్ళి చేసుకోరు. నేను మాకు గోత్రం ఉంటుంది, ఒకే గోత్రంలో చేసుకోరు అని చెప్తే చాలా సంతోషపడి టీ పోసింది. పాల టీ, మనలాగే, పక్కన కుర్త్ అని ఎండబెట్టిన ఉప్పు పెరుగు ఉండలు. మొదట పళ్ళు ఊడొస్తాయేమో అనిపిస్తుంది కానీ అలవాటైతే వదలరు.

ఆవిడ వాళ్ళ అమ్మ వైపు కథ చెప్పినప్పుడు మాత్రం నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు. 1930 నుంచి 33 మధ్య స్టాలిన్ కాలంలో జీవాలన్నీ సర్కారు లాక్కుని అందర్నీ ఒకచోట కూర్చోపెట్టింది, తిరిగేవాళ్ళని తిరగనివ్వలేదు. దేశంలో జీవాలు పదింట తొమ్మిది వంతులు పోయాయి, మనుషులు 15 లక్షల వరకు చనిపోయారు, అందులో 13 లక్షలు కజక్‌లు, అంటే జాతిలో మూడో వంతు కంటే ఎక్కువ. ఏటా మే 31న తల్చుకుంటారు. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ధాత కరువు అని పాతవాళ్ళు చెప్పుకునేవాళ్ళు, ఆ మాట గుర్తొచ్చింది.

తర్వాత మా సెమే కథ. ఈ సిటీకి పడమటి వైపు బయల్లో 1949 నుంచి 1989 దాకా సోవియట్ వాళ్ళు 456 అణు పరీక్షలు చేశారు. అక్కడ ఎవరూ లేరు అనే లెక్కలో చేశారు, కానీ చుట్టూ ఊళ్ళు ఉన్నాయి, మందలు ఉన్నాయి. 1989లో ఒల్జాస్ సులేమెనోవ్ అనే కవి ముందు నిలబడి ఉద్యమం మొదలుపెట్టాడు, 1991 ఆగస్టు 29న మూసేశారు. ఆసుపత్రిలో పోస్టింగ్స్‌కి పోయినప్పుడు ఆ ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళ కేస్ షీట్‌లో ఊరి పేరు చూసి మా మేడమ్ మమ్మల్ని ఆపి ఇవన్నీ చెప్తుంది.

బైకొనూర్ రాకెట్ కేంద్రం కూడా ఇదే దేశపు బయల్లోనే అంకుల్, గగారిన్ లేచింది అక్కడి నుంచే, 1984లో మన రాకేశ్ శర్మ పోయింది కూడా అక్కడి నుంచే. మన పక్కన శ్రీహరికోట ఉంది కదా, అక్కడ కూడా రాకెట్ కేంద్రం రాకముందు యానాదులు ఉండేవాళ్ళని మా తాతయ్య చెప్పేవాడు.

మీ పాపకి ఒకటి చెప్పండి, మార్చి 21, 22 అప్పుడు హాస్టల్లో కూర్చోకుండా ఎవరైనా కజక్ ఫ్రెండ్ ఇంటికి వెళ్ళమని. నౌరిజ్, వాళ్ళ కొత్త సంవత్సరం. నౌరిజ్ కోజె అని ఏడు రకాలు కలిపి చేస్తారు, నీళ్ళు, మాంసం, ఉప్పు, కొవ్వు, పిండి, గింజలు, పాలు. ఉగాది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది కదా, నేను రెండేళ్ళుగా ఆపాకి పచ్చడి చేసి ఇస్తున్నా. వేపపూత దొరకదు, అమ్మ ఎండబెట్టింది పంపిస్తుంది. ఆరు రుచులూ చెప్పించుకుని ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కపెట్టింది, మాదాంట్లో ఏడు అంది.

తిరుపతి నాయన:

అందరికీ చేతులెత్తి దండం పెడతా ఉండా. రెండు రాత్రులు పట్టింది మొత్తం చదవను, నేను చదివి వాళ్ళమ్మకి వినిపించినా. గుర్రాలు ముందు తవ్వతాయి గొర్రెలు ఎనకొస్తాయి అనేది ఆమె రెండుసార్లు చదివించుకునింది. పాపకి కూడా పంపించినా, వాళ్ళ రూమ్మేట్ కజక్ పిల్ల, ఏడుగురి పేర్లూ టకటకా చెప్పిందంట. మన పాప నాకు ఫోన్ చేసి నాయనా మన ముత్తాత నాయన పేరేంది అని అడగతా ఉంది, నాకు ఐదో తరం దాకానే వచ్చు, పైన రెండిటి కోసం రేపు ఏర్పేడు పక్కన మా పెద్దత్త దగ్గరికి పోతాండా, ఆమెకి తొంభై దాటినాయి గానీ పేర్లు మరవలా.

చిత్తూరు మాష్టారూ, ఏప్రిల్లో వీడియో తీసినాక ఇక్కడే పెడతా. సెమే అమ్మాయీ, వేపపూత మా ఇంటి మాను నుంచి ఎండబెట్టి పంపిస్తాము, ఎట్ల పంపించాలో మా పాపతో మాట్లాడి చెప్పమ్మా.

జీవాలోళ్ళ బిడ్డ, పుంగనూరు:

సార్, పాప సెలవులకి వచ్చేటప్పుడు ఫెల్ట్ ముక్క ఒకటి తెమ్మని చెప్తారా, చెయ్యెడల్పు ఉంటే చాలు. మా అవ్వ ఇంకా ఉండాది. మగ్గం లేకుండా కంబళి అయితాది అంటే రెండేళ్ళ నుంచీ నమ్మడం లేదు, చేత్తో పట్టుకోని చూస్తే గానీ ఒప్పుకోదు.